వీనస్‌కు ఉద్యోగం దొరికింది

(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి స్మృతికి ఏర్పాటైన ఈ వేదిక మీద నాకు ముందు మాట్లాడిన పెద్దలు ప్రబంధాల గురించి, శాసనాల గురించి మాట్లాడారు. నేనేమో పది సెంట్లకు అమ్మిన ఒక అమెరికన్ బొమ్మల పుస్తకాన్ని పట్టుకుని వచ్చాను. విషయం ఇదీ అని ఫోనులో చెబితే నిర్వాహకులు కాసేపు ఊరుకుని, "కానివ్వండి, మాస్టారుంటే ఒప్పుకునేవారే" అన్నారు. నిజమే. హోమర్ గురించి చెబుతూ చెబుతూ మధ్యలో పాత చందమామ తీసి చూపించిన మనిషి ఆయన. మనలో చాలామందికి హోమర్ మొదట దొరికింది అక్కడే కదా. ఒడిస్సీ 'రూపధరుడి యాత్రలు'గా, ఇలియడ్ 'భువనసుందరి'గా తెలుగు పిల్లల చేతికొచ్చాయి. బొమ్మల్లోకి దిగితే పురాణం చులకనైపోతుందని ఎవరైనా అంటే మాస్టారికి ఒళ్ళు మండేది. నాదీ ఆయన పక్షమే. కాకపోతే బొమ్మల్లోకి దిగిన దేవత దగ్గర పరువు కాకుండా ఇంకొకటి పోయిందని నా అనుమానం. దాన్ని మీ ముందు పెడతాను.

ఆ పుస్తకం పేరు 'వీనస్'. మొదటి సంచిక మీద 1948 ఆగస్టు అని ఉంటుంది. వేసింది న్యూయార్కులోని టైమ్లీ కామిక్స్. తర్వాత అట్లాస్ అనీ, ఆ తర్వాత మార్వెల్ అనీ పేరు మార్చుకున్న సంస్థ అదే. ప్రచురణకర్త మార్టిన్ గుడ్‌మన్, సంపాదకుడు అప్పటికి పాతికేళ్ళవాడైన స్టాన్ లీ, మొదట్లో బొమ్మలు వేసింది కెన్ బాల్డ్. యుద్ధం అయిపోయింది. యుద్ధకాలంలో సైనికులూ పిల్లలూ ఎగబడి కొన్న ముసుగు వీరులకు గిరాకీ తగ్గింది. ఎంత తగ్గిందంటే, 1949లో కెప్టెన్ అమెరికా పత్రిక పేరునే 'కెప్టెన్ అమెరికాస్ వియర్డ్ టేల్స్' అని మార్చి భయానక కథల వైపు తిప్పారు. 1950 ఫిబ్రవరి నాటి ఆఖరి సంచికలోనైతే కెప్టెన్ అమెరికా అసలు లేనే లేడు. ఆడపిల్లలు చదివే పుస్తకాలు మాత్రం బాగా పోతున్నాయి. మోడల్‌గా పనిచేసే మిల్లీ కథలు 1945 నుంచి నడుస్తున్నాయి. 1947లో జో సైమన్, జాక్ కర్బీ 'యంగ్ రొమాన్స్' మొదలుపెట్టి ప్రేమకథల కామిక్కులకు దారి వేశారు. ఇటు వీరుల పుస్తకంలాగానూ ఉండాలి, అటు ప్రేమ పుస్తకంలాగానూ ఉండాలి. అలాంటిదానికి ఎవరు పనికొస్తారు? ప్రేమదేవత పనికొచ్చింది. ఇందులో భక్తీ లేదు, పాండిత్యమూ లేదు. అమ్మకాల లెక్క చూసుకుని దేవతను దింపారు.

కథ ఇది. వీనస్ దేవత శుక్రగ్రహం మీద రాణి. మన పురాణాల ప్రకారం ఆ గ్రహం ఒంటికన్ను శుక్రాచార్యులవారిది. అసురగురువును పక్కన పెడితే, అక్కడ ఈమెకు ఏ లోటూ లేదు, పొద్దు పోకపోవడం తప్ప. విసుగు పుట్టి భూమ్మీదికి రావాలనుకుంటుంది. వచ్చేస్తుంది. వచ్చాక 'బ్యూటీ' అనే పత్రిక యజమాని విట్నీ హామండ్ కంట పడుతుంది. అతను ఆమెకు పత్రికలో ఉద్యోగం ఇస్తాడు, ఆమె మీద మనసూ పారేసుకుంటాడు. ఆఫీసులో డెల్లా మేసన్ అనే అమ్మాయి ఉంది. యజమాని మీదా, పదవి మీదా ఆమెకు ముందునుంచీ ఆశ. నిన్నగాక మొన్న వచ్చిన ఈ సుందరిని చూసి ఆమె కడుపు రగిలిపోతుంది. ఇక ప్రతి సంచికలోనూ ఒక ఎత్తు, ఒక పైఎత్తు, చివరికి దేవతదే గెలుపు.

దేవత దిగి వచ్చి మామూలు మనిషితో చిక్కుల్లో పడడం అమెరికాకు అప్పటికే అలవాటైన సరుకు. 1943లో బ్రాడ్వేలో 'వన్ టచ్ ఆఫ్ వీనస్' అనే సంగీత నాటకం ఆడింది. ఒక మంగలి తన ప్రియురాలికని కొన్న ఉంగరాన్ని వీనస్ విగ్రహం వేలికి తొడుగుతాడు, విగ్రహానికి ప్రాణం వస్తుంది. 1948లోనే అది ఏవా గార్డ్‌నర్‌తో సినిమా అయింది. ఉంగరం అనగానే మీలో కొందరు నవ్వుతున్నారు, నాకు తెలుసు. 1990లో మన 'జగదేకవీరుడు అతిలోకసుందరి'లో ఇంద్రజ ఉంగరం పోగొట్టుకుని భూలోకంలో ఇరుక్కుపోయింది కదా. ఎవరు ఎవరి దగ్గర తెచ్చుకున్నారన్న లెక్క నాకు అక్కర్లేదు. ఈ ఉంగరం నవ్వులాట కాని కాలం ఒకటి ఉందని మాత్రం చెప్పాలి. 12వ శతాబ్దంలో ఇంగ్లండులోని మామ్స్‌బరీ మఠానికి చెందిన విలియం ఈ కథను రాసిపెట్టాడు. రోములో పెళ్ళికొడుకు ఆటకు అడ్డమని ఉంగరాన్ని విగ్రహం వేలికి తొడిగితే, ఆ రాత్రి దేవత వచ్చి ఆలుమగల మధ్య పడుకుంటుంది. 1837లో ప్రోస్పేర్ మెరిమే అదే కథను ఫ్రాన్సులోని ఒక పల్లెకు తెచ్చాడు. అందులో కంచు వీనస్ శోభనపు గదిలోకి నడిచి వచ్చి పెళ్ళికొడుకును కౌగిలిలో నలిపి చంపుతుంది. 1885లో ఆన్‌స్టీ అనే ఆంగ్ల హాస్య రచయిత చేతిలో పడి అది నవ్వుల కథ అయింది. బ్రాడ్వేకు ఎక్కింది ఆ నవ్వుల కథే. టైమ్లీ వాళ్ళ దాకా వచ్చేసరికి దేవత చేతులు ఎవరినీ నలిపేవి కావు.

రోమన్ల వీనస్ గ్రీకులకు ఆఫ్రొడైటీ. పాత గ్రీకులు తమ ఆఫ్రొడైటీని చూసి నవ్వలేదని కాదు. పడీ పడీ నవ్వారు. ఇలియడ్ 5వ సర్గలో కొడుకు ఈనియస్‌ను కాపాడుకోవాలని ఆమె యుద్ధంలోకి దిగుతుంది. డయోమిడీజ్ అనే మనిషి, ఒట్టి మనిషి, ఈటెతో ఆమె మణికట్టు దగ్గర గీస్తాడు. చర్మం చీరుకుని దేవతల రక్తం కారుతుంది. కొడుకును అక్కడే వదిలేసి కెవ్వుమంటుంది. యుద్ధదేవుడు ఏరీజ్ దగ్గర రథం అడిగి పుచ్చుకుని ఒలింపస్‌కు పారిపోయి తల్లి డయోనీ ఒళ్ళో వాలిపోతుంది. అథీనా, హీరా పక్కన నిలబడి వెక్కిరిస్తారు. జ్యూస్ నవ్వి, యుద్ధం నీ పని కాదమ్మా, పెళ్ళిళ్ళ సంగతి నువ్వు చూసుకో అన్నట్టు చెప్పి పంపుతాడు. ఒడిస్సీ 8వ సర్గలో భర్త హెఫైస్టస్ కంటికి కనపడనంత సన్నని వల పన్ని, ఆమెనూ ఏరీజ్‌నూ పడకమీదే బిగించి, దేవుళ్ళందరినీ పిలిచి చూపిస్తాడు. ఈ రెండు ఘట్టాలూ గళ్ళు గీసి పంచుకోవడానికి సిద్ధంగా ఉన్న కామిక్కులే. కాబట్టి దేవతతో హాస్యమాడారని స్టాన్ లీని తప్పు పట్టను.

ఇదే ఇలియడ్‌లో, ఆ యుద్ధానికి రెండు సర్గల ముందు జరిగింది వేరే సంగతి. హెలెన్ భర్త మెనిలౌస్‌తో ద్వంద్వయుద్ధంలో ఓడిపోతున్న ట్రాయ్ రాకుమారుడు పారిస్‌ను ఆఫ్రొడైటీ మంచులో చుట్టేసి ఎత్తుకుపోయి, అతని పడకగదిలో దింపుతుంది. తర్వాత కోట బురుజు మీద ఉన్న హెలెన్ దగ్గరికి వెళ్తుంది. ఉన్ని వడికే ఒక ముసలామె వేషం. హెలెన్‌కు పుట్టింట్లో బాగా కావలసిన మనిషి రూపమది. కొంగు పట్టి లాగి, పారిస్ నీకోసం ఎదురుచూస్తున్నాడు రమ్మంటుంది. హెలెన్ గుర్తుపడుతుంది. ఆ మెడ, ఆ మెరిసే కళ్ళు ముసలామెవి కావు. ఇక హెలెన్ తిరగబడుతుంది. నువ్వే వెళ్ళి అతని పక్కన కూచో, ఒలింపస్ మరిచిపోయి అతనికి పెళ్ళామో బానిసో అయిపో, నేను రాను పొమ్మంటుంది. దేవతకు కోపం వస్తుంది. నిన్ను ఎంత ప్రేమించానో అంతా ద్వేషించగలను, రెండు సైన్యాలూ నీ మీద పడేటట్టు చేస్తాను జాగ్రత్త అని ఒక్క మాట బెదిరిస్తుంది. లోకంలోకెల్లా అందగత్తె తెల్లని మేలిముసుగు కప్పుకుని, మారు మాట్లాడకుండా, ఎవరికీ కనపడకుండా ఆమె వెంట నడుస్తుంది.

రెండు సర్గల తేడాతో అదే దేవత ఒకచోట వెక్కిరింపులు పడింది, ఒకచోట వణికించింది. గ్రీకులకు ఇందులో వైరుధ్యం ఏమీ కనపడలేదు. క్రీ.పూ. 428లో యూరిపిడీస్ 'హిపోలిటస్' ఆడించినప్పుడు నాటకం మొదలవగానే ఆఫ్రొడైటీ వచ్చి నిలబడి, నన్ను పట్టించుకోని ఈ కుర్రవాడు సాయంత్రానికల్లా చస్తాడని చెప్పి వెళ్ళిపోతుంది. మధ్యలో అతని సవతితల్లి ఫీడ్రా కూడా చస్తుంది, ఆమె తప్పేమీ లేకపోయినా. అది దేవతకు లెక్కే కాదు. ఆ నాటకానికి మొదటి బహుమతి ఇచ్చారు.

టైమ్లీ వీనస్‌కు లేనిది ఈ కోపమే. ఆమెకు అందం ఉంది, మంచితనం ఉంది, ఆఫీసు ఉంది. ఆమె వల్ల ఎవరికీ చెరుపు జరగదు. ఎందుకిలా అయిందంటే నాకు తోచిన కారణం సాదాసీదాది. నాటకం సాయంత్రానికి అయిపోతుంది, హిపోలిటస్ చచ్చిపోతే ఫర్వాలేదు. ఈ పుస్తకం ఇంకో సంచిక కూడా రావాలి. విట్నీ అప్పటికీ బతికుండాలి, డెల్లా అప్పటికీ కుర్చీలో ఉండాలి, పది సెంట్లు పెట్టిన అమ్మాయికి నాయిక నచ్చాలి. శాపం పెట్టే నాయికను ప్రతి సంచికకూ ఎవరు కొంటారు?

అయితే కథకు అసూయ కావాలి కదా. అది లేకపోతే ఆఫీసులో ఏం జరుగుతుంది? ఎక్కడినుంచి తెచ్చారో చూడండి. 2వ శతాబ్దపు లాటిన్ రచయిత అపులేయస్ రాసిన సైకీ కథలో వీనస్ అత్తగారు. సైకీ అనే మామూలు మనిషి అందాన్ని జనం పూజిస్తున్నారని ఆమెకు కన్నెర్ర. ఆ పిల్ల తన కొడుకుకే పెళ్ళామైందని తెలిశాక గోధుమలు, బార్లీ, శనగలు, చిరుధాన్యాలు, గసగసాలు అన్నీ కలిపి కుప్ప పోసి, రాత్రయ్యేలోగా దేనికది ఏరిపెట్టమంటుంది. చీమలు దయతలచి ఏరిపెడతాయి, అది వేరే కథ. అక్కడ మనిషిని చూసి దేవత ఏడ్చింది. న్యూయార్కులో దేవతను చూసి మనిషి ఏడ్చింది. పాత వీనస్ గుణాలన్నీ, అసూయ, పంతం, పన్నాగం, ఒకటీ వదలకుండా డెల్లా మేసన్‌కు బదిలీ అయ్యాయి. నన్నడిగితే ఆ పుస్తకంలో గ్రీకు దేవత పోలికలు ఎక్కువున్నది డెల్లాలోనే.

పత్రిక దాదాపు నాలుగేళ్ళు నడిచింది, మొత్తం 19 సంచికలు. ఆ నాలుగేళ్ళలో సంత ఎటు తిరిగితే దేవత అటు తిరిగింది. మొదట ఆఫీసు హాస్యం, తర్వాత ప్రేమకథలు, ఆ తర్వాత గ్రహాంతర కథలు, చివరికి దయ్యాలు. 1949 ఆగస్టు నాటి 6వ సంచికలో పాతాళాన్నుంచి లోకి వచ్చాడు. అవును, సినిమాల్లో మీరు చూసే ఆ లోకియే. మార్వెల్ వాళ్ళ పుస్తకాల్లో అతని మొదటి దర్శనం ఇక్కడే, థోర్ తమ్ముడుగా 1962లో వచ్చినవాడికి 13 ఏళ్ళ ముందు. నార్స్ పురాణాల దేవుడికి గ్రీకు దేవత పుస్తకంలో ఏం పని అని అడిగినవాళ్ళు లేరు.

1951లో 13వ సంచిక నుంచి బిల్ ఎవరెట్ చేతికి వచ్చాక పుస్తకం పూర్తిగా భయానకమైంది. సంస్థలో అందరికంటే చెయ్యి తిరిగిన చిత్రకారుల్లో అతనొకడు. కథ, పెన్సిలు, సిరా, చివరికి అక్షరాలు కూడా తానే రాసుకునే రకం. సమాధులు, అస్థిపంజరాలు, గోడల్లోంచి వచ్చే చేతులు అతను గీస్తే నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది. వాటి మధ్యలో తెల్లటి పొడుగు గౌనులో వీనస్. కామిక్కుల చరిత్రలు రాసేవాళ్ళు దీన్ని గురించి కాస్త నవ్వుతూ రాస్తారు, ప్రేమదేవతకు శ్మశానంలో ఏం పనని. వాళ్ళు పాసేనియస్‌ను తిరగేసి ఉండాల్సింది. 2వ శతాబ్దంలో గ్రీసంతా తిరిగి చూసి రాసిన యాత్రికుడు ఆయన. స్పార్టాలో చిన్న గుట్ట మీద ఒక పాతగుడి, అందులో ఆయుధాలు పట్టిన కొయ్య ఆఫ్రొడైటీ. అదే గుడి పై అంతస్తులో ఇంకొక ఆఫ్రొడైటీ, తలమీద ముసుగు, కాళ్ళకు సంకెళ్ళు. కొరింత్ దగ్గర నల్ల ఆఫ్రొడైటీ గుడి. ఇక డెల్ఫీలో సమాధుల ఆఫ్రొడైటీ విగ్రహం ఉండేదనీ, దాని దగ్గర చనిపోయినవాళ్ళను పిలిచి తర్పణాలు విడిచేవారనీ ప్లూటార్క్ రాశాడు. ఊరికొక పేరు, ఊరికొక స్వరూపం. గుడ్‌మన్ ఆఫీసులో ఇవేవీ ఎవరూ చదివి ఉండరు. భయానక కథలు అమ్ముడుపోతున్నాయి కాబట్టి దేవతను శ్మశానానికి పంపారు, పంపడం మాత్రం సరైన చిరునామాకే పంపారు.

అక్కడ కూడా ఆమె భయపెట్టలేదన్నది నా ఫిర్యాదు. దయ్యాలు భయపెడతాయి, ఆమె జనాన్ని రక్షిస్తుంది. విచిత్రం ఏమిటంటే కామిక్కుల్లోకెల్లా కోపిష్టి కథానాయకుడిని పుట్టించిన మనిషే ఎవరెట్. 1939లో అతని నేమర్ సముద్రంలోంచి వచ్చి భూమ్మీది మనుషుల మీద పగ పట్టాడు. 1941లో ఏకంగా న్యూయార్కు మీదికి కడలిని ఎత్తిపోశాడు. ఆ నేమర్‌ను పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. మగవాడి కోపం కొన్నారన్నమాట. ఇంకో కథ ప్రకారం సముద్రపు నురుగులోంచే పుట్టిన దేవత చేతికి అదే ఎవరెట్ అదే కోపం ఎందుకివ్వలేదో అతని బొమ్మలు ఎంత చూసినా నాకు అంతుపట్టదు. 1952 ఏప్రిల్ తేదీతో పత్రిక ఆగిపోయింది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరెట్ ఆమెను మళ్ళీ పిలిచాడు. 1973 జనవరి నాటి 'సబ్ మెరైనర్' 57వ సంచికలో, తన నేమర్ పుస్తకంలోనే. వియత్నాంలో అమెరికా యుద్ధం ముగుస్తున్న రోజులవి. వీనస్ విక్టోరియా స్టార్ అనే మానవ నామంతో శాంతి పక్షాన ఉంది, ఎదురుగా యుద్ధదేవుడు ఏరీజ్. బొమ్మల్లో పాత చెయ్యి కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఫిబ్రవరి 27న ఎవరెట్ పోయాడు, 55 ఏళ్ళకు.

మార్‌స్టన్ సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. 1941 చివర 'వండర్ వుమన్'ను సృష్టించిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త ఆఫ్రొడైటీని ఏరీజ్‌కు ఎదురు నిలిపాడు. మట్టిబొమ్మకు ప్రాణం పోసి డయానాను ఇచ్చేది ఆమే. కానీ ఆయన ఆఫ్రొడైటీ వరాలతో పాటు కట్టడి కూడా పెడుతుంది. అమెజాన్ స్త్రీలు ఒకప్పటి బానిసత్వం మరిచిపోకుండా చేతికి కంకణాలు వేసుకుని తిరగాలి. మగవాడి చేత ఆ కంకణాలకు గొలుసులు వేయించుకుంటే బలం పోతుంది. అమ్మలా ఇచ్చి అమ్మలా దండించే ఈమెలో పాత దేవత ఛాయ కొంత మిగిలింది. 1987లో జార్జ్ పెరెజ్ కథను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆ పని అథీనాకూ మిగతా దేవతలకూ పంచేశాడు, ఆఫ్రొడైటీ అయిదారుగురిలో ఒకరైంది. ఇంకొక దారి ఎరిక్ షానోవర్‌ది. 1998లో మొదలైన 'ఏజ్ ఆఫ్ బ్రాంజ్'లో ట్రోజన్ యుద్ధాన్ని మొత్తం గీయడానికి పూనుకున్నాడు, దేవతలను మాత్రం రంగం మీదికి రానివ్వకుండా. మనుషులు వాళ్ళను నమ్ముతారు, కలగంటారు, అంతే. ఆఫీసులో కూచోబెట్టడం కంటే ఇదే మర్యాదగా ఉందనిపిస్తుంది నాకు. హెలెన్ ఎందుకు వెళ్ళిందో చెప్పే బరువంతా అప్పుడు హెలెన్ మీద పడుతుంది, అదీ నిజం.

2006లో జెఫ్ పార్కర్ రాయగా లెనర్డ్ కర్క్ గీసిన 'ఏజెంట్స్ ఆఫ్ అట్లాస్' వచ్చింది. 1950ల నాటి మరుగునపడ్డ పాత్రలను ఒక జట్టుగా చేర్చారు, అందులో వీనస్ ఒకతె. పార్కర్ ఆమె కథలో పెద్ద మెలిక పెట్టాడు. ఈమె దేవతే కాదట. పాటతో నావికులను రప్పించి చంపిన సైరన్లలో ఒకతె. ఎవరో ఆత్మ ప్రసాదించగా, చేసిన పాపం తలచుకోలేక, పాతదంతా మరిచి తానే వీనస్‌నని నమ్ముకుంది. ఉపాయం గట్టిది. ఆ మితిమీరిన మంచితనం ఎక్కడిదన్న నా ప్రశ్నకు జవాబు దొరికింది, అది ప్రాయశ్చిత్తం. పోయిన ప్రమాదం కూడా తిరిగొచ్చింది, పాట పెదవుల వెనకే ఉంది. కానీ పశ్చాత్తాపం గ్రీకు దేవత లక్షణం కాదు. హిపోలిటస్ శవం ముందు ఆఫ్రొడైటీ కంటతడి పెట్టలేదు, అసలు ఆ వైపుకే రాలేదు.

పార్కర్‌కు ఆ సంగతి తెలిసే ఉండాలి. 2009 నాటి తరువాయి కథల్లో అసలు ఆఫ్రొడైటీయే దిగి వచ్చింది, నా పేరు పెట్టుకుని తిరగడానికి నువ్వెవరని ఆ సైరన్‌ను నిలదీయడానికి. ఇక్కడ ఆమెకు ఉద్యోగం లేదు, పత్రిక లేదు, ఎవరి మెప్పూ అక్కర్లేదు. హెలెన్ కొంగు పట్టి లాగిన మనిషి పోలికలు కనిపిస్తాయి. మొదటి సంచిక వచ్చిన 61 ఏళ్ళకు దేవత కోపంతో పేజీలో అడుగుపెట్టింది. పెడితే, కథలో ఆమెకు చోటు దొరికింది ఎదిరి పక్షంలో.